ఎనిమిది కిలోల లోటు

మా ఆఫీసులో ఎవరికీ నడుంనొప్పి లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన భాగోతమంతా నడుంనొప్పి నివారణ కోసమే జరిగింది.

మాది సముద్రం ఒడ్డునున్న జిల్లా కేంద్రం. సముద్రాన్ని అంత దగ్గర్లో పెట్టుకుని ప్రభుత్వం వారు ఈతకొలను ఎందుకు కట్టించారో నన్నడక్కండి. నేను సీనియర్ అసిస్టెంటుగా ఇక్కడికొచ్చేసరికే కట్టేశారు. కొలను, పక్కన నాలుగు గదుల ఆఫీసు, అందులో అయిదుగురం. మేం జేడీ గారనే జాయింట్ డైరెక్టర్ తారకేశ్వరరావు గారు, ఇంజనీరు భుజంగరావు గారు, స్టోర్సు చూసే అనసూయాదేవి గారు, కాగితాలు రాసే నేను, కొలను చూసుకునే నూకరత్నం. మొదటి నలుగురం కొలనులో కాలు పెట్టిన పాపాన పోలేదు. ఈతకి వచ్చే జనానికి మాత్రం ఆఫీసంటే నూకరత్నమే.

నూకరత్నం ఒప్పంద ఉద్యోగి. పదకొండేళ్ల నుంచీ ఒప్పందమే. ఏటా మార్చి ముప్ఫై ఒకటో తారీఖున జేడీ గారు ఒక కాగితం మీద సంతకం పెడితే ఆవిడకి ఇంకో ఏడాది ఉద్యోగం. ఆ కాగితం నేనే టైపు చేస్తాను. అందులో ఒక వాక్యం ఉంటుంది: "ఈ ఉద్యోగిపై ఎట్టి అభియోగములు పెండింగులో లేవు." ఆవిడ ఇంట్లో నాలుగు నోళ్లు, పనిచేసే చేతులు రెండు. ఆ వాక్యం మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది.

నిరుడు మాకు హెడ్డాఫీసు నుంచి ఒక యంత్రం వచ్చింది. నీళ్లలో వదిలితే అడుగునంతా పాక్కుంటూ మట్టీ నాచూ పీల్చుకుంటుంది. ఇంజనీరు గారు దాన్ని స్వయంచాలిత రోబోటిక్ శుద్ధియంత్రం అనేవారు. నూకరత్నం తాబేలు అనేది. తాబేలే స్థిరపడింది.

తాబేల్ని నీళ్లలో వెయ్యడం ఎవరైనా చేస్తారు, తియ్యడమే కష్టం. పని అయ్యేసరికి కడుపు నిండా నీళ్లు పట్టి ఉంటుంది. నూకరత్నం తీసే పద్ధతి నేను కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి. ముందు తీగ పట్టుకుని నెమ్మదిగా పైకి తెచ్చేది. నీటి మీదకి రాగానే తీగ వదిలేసి పిడి పట్టుకునేది. అప్పుడైనా ఎత్తేది కాదు. దాని మూతి గట్టుకి ఆనించి, కాస్త వంచి పట్టుకుని, ఇరవై లెక్కపెట్టేది. నీళ్లన్నీ దాని కడుపులోంచి కొలనులోకే బుడబుడమంటూ పోయేవి. అప్పుడు మోకాళ్లు వంచి, తాబేల్ని ఒంటికి దగ్గరగా తీసుకుని లేచేది.

"నీల్లతో నాగితే నడుం పోద్ది బాబూ. వలైనా అంతే, తెప్ప అంచుకి ఆనించి నీల్లు ఒగ్గీయాల, అప్పుడు నాగాల. మా అయ్య సెప్పినాడు," అంది ఒకసారి నేనడిగితే. నాగడమంటే ఆవిడ యాసలో లాగడం.

పదకొండు నెలలు అలాగే తీసింది. నడుం మీద చెయ్యి వేసుకోగా నేను చూళ్లేదు.

ఫిబ్రవరిలో జేడీ గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. విషయం "పనిచోట వెన్నుపూస". తిరిగొచ్చేటప్పుడు చొక్కా మీద నడుం చుట్టూ నల్లటి వెడల్పాటి పటకా, చేతిలో ప్లాస్టిక్ వెన్నుపూస. ఆ వెన్నుపూసని బల్ల మీద పెట్టుకుని మా అందర్నీ పిలిచి, "ఇంతకాలం మనందరం వంగి బతికాం," అన్నారు. ఆ మాట నిజమే గనక అందరం తలూపాం.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పన్నెండు కిలోలకు మించిన ఏ బరువునైనను ఏ ఉద్యోగియు ఒంటరిగా ఎత్తరాదు. ప్రతి పన్నెండు కిలోలకు, లేదా అందులో భాగమునకు, ఒక ఉద్యోగి చొప్పున ఎత్తవలెను. కార్యాలయమునందలి సమస్త వస్తువులను వినియోగ స్థితిలో తూచి, ముగ్గురు అధికారులు వేర్వేరుగా ధ్రువీకరించి, చీటీ అంటించవలెను."

కొలను గట్టు మీద ఈతగాళ్ల కోసం సూది తిరిగే పాత కాటా ఒకటుంది. వారం రోజులు ఆఫీసంతా దాని మీదికి ఎక్కి దిగింది. స్టేప్లరుకి చీటీ, చెత్తబుట్టకి చీటీ. నా కుర్చీ తొమ్మిది కిలోలు తూగింది గానీ, కుర్చీకి వినియోగ స్థితి అంటే మనిషి కూర్చుని ఉండటమే కదా అని ఇంజనీరు గారికి సందేహం వచ్చింది. నన్ను కూర్చోబెట్టి తూచారు. డెబ్బై ఒకటి. ఆ లెక్కన నా కుర్చీ జరపాలంటే ఆరుగురు కావాలి, ఆఫీసులో ఉన్నదే అయిదుగురం. అప్పట్నుంచీ ఎవరూ చూడకుండా నేనే జరుపుకుంటున్నాను.

జేడీ గారిని కుర్చీలో పెట్టి తూచడం బాగుండదని విడిగా తూచాం. ఎనభై నాలుగు. చీటీ అంటించమని ఆయన అన్లేదు, మేం అడగలేదు. రిజిస్టర్లో మాత్రం ఎక్కించాం.

చివరికి తాబేలు వంతు వచ్చింది. నూకరత్నం దాన్ని పైకి తెచ్చి, గట్టుకి ఆనించి, లెక్కపెట్టబోతోంది. జేడీ గారు వారించారు.

"ఏమ్మా, నీళ్లు తీసెయ్యకు. వినియోగ స్థితి పాడైపోతుంది."

"ఒక్క ఇరవై నెక్కెట్టనీండి బాబూ. నడుం పట్టేస్తాది."

"నడుం గురించి మూడు రోజులు చదువుకొచ్చినవాణ్ణి నేను. ఎత్తు."

ఎత్తింది. కాటా మీద దింపి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మా వెన్నుపూస పరిరక్షణ కార్యక్రమంలో మొట్టమొదటి నడుంనొప్పి అదే. రికార్డులో లేదు.

సూది పద్దెనిమిది చూపించింది. జేడీ గారు టైము పదకొండూ అయిదు వేసి, పద్దెనిమిది కిలోలని రాసి, సంతకం చేసి, ఫోను మోగితే లోపలికెళ్లారు. ముగ్గురూ వేర్వేరుగా ధ్రువీకరించాలి గనక ఇంజనీరు గారు ఆయన వెళ్లాకే బయటికొచ్చారు. పదకొండూ పన్నెండు, పద్నాలుగు కిలోలు. సంతకం. అనసూయాదేవి గారు టీ తాగి, చెయ్యి కడుక్కుని, కళ్లజోడు వెతుక్కుని వచ్చేసరికి పదకొండూ నలభై. పది కిలోలు. సంతకం. ఈలోగా కాటా కింద నుంచి నీళ్లు పాయలా కారి కొలనులోకి పోతూనే ఉన్నాయి. ముగ్గురూ ఆ నీళ్లు దాటుకునే వచ్చారు, దాటుకునే వెళ్లారు. అనసూయాదేవి గారైతే చీర కుచ్చిళ్లు కూడా ఎత్తిపట్టుకున్నారు.

నేను మూడు అంకెలూ చూశాను. చూసి నోరు మూసుకుని హెడ్డాఫీసుకి పంపించాను. అధికారి రాసిన అంకె మీద గుమస్తాకి అభిప్రాయం ఉండకూడదని ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేర్చుకున్నాను. ఈ కథలో నా తప్పేదైనా ఉంటే అదే, ఒప్పుకుంటున్నాను.

పది రోజులకి హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది. "11.05 నుండి 11.40 గంటల మధ్య, ముప్పై అయిదు నిమిషముల వ్యవధిలో, ప్రభుత్వ యంత్రము ఎనిమిది కిలోలు క్షీణించుటకు గల కారణమేమి? సదరు సమయమున యంత్రము వద్ద ఉన్నదెవరు?"

ఉన్నది నూకరత్నం. మిగతా వాళ్లందరూ ఆ టైములో ఎక్కడెక్కడున్నారో టైములతో సహా సంతకాలున్నాయి. నడుం పట్టుకుని అక్కడే నిలబడ్డ మనిషి ఆవిడొక్కతే. మార్చి ఇరవైన ఆవిడకి మెమో ఇచ్చారు. ఎనిమిది కిలోల ప్రభుత్వ ఆస్తి అదృశ్యమగుటపై సంజాయిషీ ఇవ్వవలెను.

మెమో పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. "ఏటి బాబూ ఇది? నానేటి తీసినాను?"

చదివి వినిపించాను.

"నీల్లు కారిపోనాయి. అంతే కదేటి?"

"అంతే."

"మరి మీరు సెప్పనేదేటి?"

ఆవిడ సంజాయిషీ నేనే రాసిపెడతానన్నాను. "సదరు లోటు యంత్రాంతర్గత జలము గురుత్వాకర్షణ వలన బహిర్గతమగుటచే సంభవించినదని మనవి" అని రాశాను. పదకొండేళ్లుగా ఆవిడ కాగితాలు టైపు చేస్తున్నాను గానీ, ఆవిడ కోసం కష్టపడి రాసిన వాక్యం మాత్రం ఇదే.

విచారణ జేడీ గారి గదిలో జరిగింది. ప్లాస్టిక్ వెన్నుపూసకి అటు జేడీ గారు, ఇటు నూకరత్నం. ఆవిణ్ణి కూర్చోమన్నారు గానీ, ఆవిడ కూర్చుంటే ఆ కుర్చీ వినియోగ స్థితిలోకి వస్తుందని నిలబడే ఉంది.

"నీళ్లంటున్నావు. యంత్రంలో నీళ్లున్నట్టు రికార్డెక్కడుంది?" అన్నారు జేడీ గారు.

అనసూయాదేవి గారు స్టాకు రిజిస్టరు తిప్పారు. "యంత్రము ఒకటి, తీగ ఒకటి, సూచనల పుస్తకము ఒకటి అనే ఉంది సార్. నీళ్లు మనకి అందినట్టు ఎంట్రీ లేదు. అందని వస్తువు బయటికి పోవడానికి వీల్లేదు."

"సాంకేతికంగా కూడా నీరు యంత్రంలో భాగం కాదండి. భాగం కానిది తూగడానికి వీల్లేదు," అన్నారు ఇంజనీరు గారు.

"బాబూ, తవరు ఓపాలి తాబేల్ని నీల్లల్లో ముంచి తూసుకోండి," అంది నూకరత్నం.

"సాక్ష్యాన్ని నీళ్లలో ముంచుతారా? ఈ నెలాఖరులోగా ఎనిమిది కిలోలూ భర్తీ చెయ్యి. లేకపోతే నీ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. నాకు నీ మీద కోపం లేదమ్మా. ఆ వాక్యమే అడ్డొస్తోంది," అన్నారు జేడీ గారు. ఆయన అబద్ధం చెప్పలేదు. మంచివారే. అదే ఇంకా చిరాకు.

నూకరత్నం నెలాఖరు దాకా ఆగలేదు. బయటికొచ్చి, చెంగు బిగించి, తాబేల్ని కొలనులో ముంచి, తీసి కాటా మీద పెట్టి, "బాబూ, రండి," అని పిలిచింది. అందరం పరుగెత్తాం. సూది పద్దెనిమిది మీద ఉంది.

జేడీ గారు సూదినీ, నూకరత్నాన్నీ మార్చి మార్చి చూశారు. గట్టి ఊపిరొకటి పీల్చుకుని, "లోటు భర్తీ అయింది. త్వరగా రాయండి చిదంబరం గారూ," అన్నారు. నేను త్వరగానే రాశాను, పద్దెనిమిది ఎంతోసేపు ఉండదని తెలుసు గనక.

వ్యవహారం తేలిపోయిందనుకున్నాను. బుద్ధి లేక అనుకున్నాను. సాయంత్రం అనసూయాదేవి గారికి ఒక ధర్మసందేహం వచ్చింది.

"సార్, పోయిన ఎనిమిది కిలోలూ ఈవిడ అడిగిన పూటే తెచ్చి పెట్టిందంటే, ఇన్నాళ్లూ ఈవిడ దగ్గరే ఉన్నట్టు కదా?"

నిజం చెప్పొద్దూ, తర్కం తిరుగులేనిది. భర్తీ చెయ్యకపోతే లోటు, చేస్తే నేరాంగీకారం. అభియోగం పెండింగులోనే ఉండిపోయింది.

దానికి తోడు మరో ఉత్తర్వు. ఇకపై లోటు పునరావృతం కాకుండా యంత్రము బరువు సర్వకాలములందును పద్దెనిమిది కిలోలుగా పరిరక్షింపబడవలెను. వంచి నీరు ఒంపుట నిషిద్ధము. బరువు తగ్గక ముందే, ఇద్దరు ఉద్యోగులు, ఆమోదిత భంగిమలో, ఒక్క ఉదుటున ఎత్తవలెను. ఆ భంగిమను జాయింట్ డైరెక్టరు వారు స్వయముగా ప్రదర్శింతురు. తేదీ మార్చి 31, మధ్యాహ్నం మూడు గంటలు.

ఆ రోజు పొద్దున్నే నూకరత్నం కాగితం టైపు చేశాను. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి ఆగి, తర్వాత టైపు చేసేశాను. సంతకం కోసం ఫైల్లో పెట్టాను. ఫైలు మీద చీటీ: ఒకటింబావు కిలో.

మూడింటికి గట్టు మీద బొమ్మల పటం తగిలించారు. అందులో ఒక మనిషి నాలుగు రకాలుగా వంగి, నాలుగుసార్లూ నవ్వుతున్నాడు. జేడీ గారు సూటు వేసుకుని, సూటు మీద పటకా బిగించి వచ్చారు. రెండో మనిషి ఇంజనీరు గారు. తాబేల్ని తీగతో నీటి మీదకి తెచ్చి గట్టు పక్కన కట్టి ఉంచారు.

"బాబూ, కూసింత ఆనించండి. ఇరవై నెక్కెట్టండి," అంది నూకరత్నం వెనక నుంచి. ఉద్యోగం ఊడగొట్టబోతున్న మనిషి నడుం గురించి ఆవిడకి దిగులు. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

"నిషిద్ధం," అన్నారు జేడీ గారు. "ఒకటి, రెండు, మూడు."

మూడు దగ్గర ఇద్దరూ ఒక్క ఉదుటున లాగారు. తాబేలు సగం లేచింది. ఇంజనీరు గారికి చెయ్యి జారింది. పద్దెనిమిది కిలోలూ జేడీ గారి మీద పడ్డాయి. ఆయన నడుం దగ్గర కలుక్కుమని ఏదో పట్టేసింది, ఆ శబ్దం నాక్కూడా వినపడింది. అలా వంగిన మనిషి వంగినట్టే, తాబేలుతో సహా కొలనులో పడ్డారు. అదృష్టం, అక్కడ నీళ్లు ఛాతీ దాకానే. గట్టు పట్టుకుని నిలబడ్డారు గానీ నడుం నిటారు కావడం లేదు.

"ఎత్తండి," అన్నారు మూలుగుతూ.

ఇంజనీరు గారు ముందుకి వంగబోయారు. అనసూయాదేవి గారు ఆపారు. ఆవిడ చేతిలో బరువుల రిజిస్టరుంది.

"ఎనభై నాలుగు కిలోలు. పన్నెండుకొకరు చొప్పున ఏడుగురు కావాలండి. మనం నలుగురం. జేడీ గారు కూడా ఒక చెయ్యి వేస్తే అయిదుగురం."

"ఇంకో ఇద్దర్ని..." అన్నారు జేడీ గారు నీళ్లలోంచి.

"డిప్యుటేషన్ మీద పిలవాలి సార్. మీరు సంతకం చెయ్యాలి."

ఆయన నా వైపు చూశారు. నేను ఉత్తర్వు వైపు చూశాను. అందులో మినహాయింపు లేదు. డ్రాఫ్టు నేనే రాశాను, నాకు తెలుసు.

ఈలోగా నూకరత్నం మెట్ల వైపు నుంచి నీళ్లలోకి దిగింది. "ఎవులూ నాగకండి," అంది. మేమెవరం లాగే ప్రయత్నంలో లేం. ఆయన చంక కింద చెయ్యి వేసి, నీళ్లలోనే నెమ్మదిగా నడిపించుకుంటూ మెట్ల దగ్గరికి తెచ్చింది. ఎనభై నాలుగు కిలోల మనిషి నీళ్లలో ఆవిడ చేతి మీద పసిపిల్లాడిలా తేలుతూ వచ్చారు. మెట్టు మీద కూర్చోబెట్టి గట్టుకి ఆనించింది. సూటు చేతుల్లోంచీ, జేబుల్లోంచీ, పటకాలోంచీ నీళ్లు కారుతున్నాయి.

"ఇప్పుడు నెగకండి బాబూ. ఇరవై నెక్కెట్టండి."

జాయింట్ డైరెక్టరు వారు లెక్కపెట్టారు. ఒక్కటి కూడా మింగలేదు.

ఇరవై అనగానే, "మోకాల్లు వంచండి. నడుంతో కాదు, కాల్లతో నెగండి," అంది. లేచారు. ముక్కుతూ మూలుగుతూ గానీ, లేచారు. బల్ల మీద పడుకోబెట్టే ముందు అలవాటు కొద్దీ కాటా మీద నిలబెట్టాం. ఎనభై ఎనిమిది. రాసుకున్నాం.

గంటసేపు పడుకున్నారు. నూకరత్నం వేడి ఇసక మూట కట్టి నడుం కింద పెట్టింది. వెళ్లి తాబేల్ని తెచ్చి, వంచి, ఇరవై లెక్కపెట్టి, ఒక్కతే తీసి దాని చోట పెట్టింది. నిషిద్ధమని ఎవరూ అన్లేదు. నాలుగూ నలభైకి ఆయన నెమ్మదిగా లేచి, ఇంటికి వెళ్లే దారిలో, ఎందుకో తెలియదు, తనంతట తనే మళ్లీ కాటా ఎక్కారు.

సూది ఎనభై అయిదు దగ్గర ఆగింది.

అనసూయాదేవి గారు రిజిస్టరు చూసి గతుక్కుమన్నారు. "సార్, గంటలో మూడు కిలోలు తగ్గారు. బాధ్యులెవరని రాయను? ఆ గంటా మీ దగ్గరున్నది నూకరత్నమే."

ఆయన తల వంచి కిందికి చూశారు. ప్యాంటు అంచుల్లోంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. కాటా కింద చిన్న మడుగు కట్టి, అందులోంచి సన్నటి పాయ కొలను వైపు పాకుతోంది. చాలాసేపు దాన్నే చూశారు. ప్లాస్టిక్ వెన్నుపూస గురించి మూడు రోజుల్లో నేర్చుకున్నదంతా ఆ మొహం మీద ఒకసారి వచ్చి వెళ్లిపోయింది.

"చిదంబరం గారూ, అభియోగం ఉపసంహరించడమైనదని రాయండి," అన్నారు.

"కారణం సార్?"

"నీళ్లు," అన్నారు. "నీళ్లు కారాయి, అంతే."

ఆ మాట రాయడానికి ఆఫీసు భాషలో ఏమైనా ఉందా అని ఒక్క క్షణం ఆలోచించి, ఆయన అన్నట్టే రాసేశాను. పొద్దున్న పెట్టిన నూకరత్నం కాగితం పైకి తీసి, ఫైలు ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన పెన్ను తీశారు. తీసి, సంతకం చేసే ముందు అధికారులందరికీ ఉండే అలవాటు చొప్పున, కాగితం మొదటి లైను నుంచి మళ్లీ చదవడం మొదలెట్టారు. ఆఫీసు గోడ గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది; అయిదయితే ఆఫీసుతో పాటు ఆవిడ ఒప్పందం గడువూ ముగుస్తుంది.

నూకరత్నం తడి చీర పిండుకుంటూ పక్కకొచ్చి నిలబడింది.

"బాబూ," అంది, "దీనికి మాత్రం ఇరవై నెక్కెట్టకండి."

ఆయన లెక్కపెట్టలేదు. సంతకం పెట్టేశారు. కాగితం మీద ఆయన చేతి కింద చిన్న తడి మరక పడింది, దాన్ని నేను తుడవలేదు.